రాష్ట్రపతి పోయిన ఏడాది, మా చిన్నమ్మ

కర్మకాండలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, పటేల్‌గూడలో మా చెల్లెలు సుగుణ ఫ్లాటు బాల్కనీలో ఇద్దరం కూర్చున్నాం. పై అంతస్తులో ఉండే ఆవిడ పలకరించడానికి దిగివచ్చింది. ఊరికి వెళ్లి ఆ ఉదయమే వచ్చిందట. నా వైపు తిరిగి, "పోయింది మీ అమ్మగారేనాండీ?" అని అడిగింది. నా నోట్లోంచి "చిన్నమ్మ" అని వచ్చింది. సుగుణ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ కూడా లేచి వెళ్లాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. బొల్లారం వైపు నుంచి గాలి మళ్లినప్పుడల్లా మందుల ఫ్యాక్టరీల వాసన వస్తోంది. కింద రోడ్డు మీద షిఫ్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు. ముప్పై ఏళ్లు కాలేజీ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. ఒక్క మాట సరిగ్గా పలకడం నేర్చుకోలేకపోయాను.

మా ఇల్లు సంగారెడ్డి బజారులో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, పక్కన రెండు గదుల కిరాయి పోర్షను. దుకాణంలో బెల్లం బుట్టలు, ఎండుమిర్చి సంచులు. మిర్చి దించిన రోజు మా బాపు పొద్దంతా తుమ్ముతూనే ఉండేవాడు, నాయినమ్మ గుమ్మంలో పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ అక్కడినుంచే ఆయన తుమ్ములు లెక్కపెట్టేది. ఇంట్లో ఎప్పుడూ కుసుమనూనె వాసన, జొన్నరొట్టె కాలిన వాసన. అమ్మ దగ్గర కుంకుడుకాయ వాసన. అమ్మకు అన్నీ జల్దీ కావాలి. తల దువ్వితే కనుబొమలు పైకి లేచేంత బిగుతుగా జడ వేసేది. ఏడిస్తే, "ఇప్పుడే ఏడ్సుకో, బడికి వోయినంక నవ్వాలె" అనేది.

అమ్మ చెల్లెలు సరోజన చిన్నమ్మ జోగిపేటలో ఉండేది. ప్రతి ఎండాకాలం మా దగ్గరికి వచ్చేది. ఆమె వస్తే ఇల్లు మారిపోయేది. అమ్మ కంటే పన్నెండేళ్లు చిన్న, నాకంటే ఆరేళ్లే పెద్ద. ఆమె జడ వేస్తే సాయంత్రానికి సగం ఊడిపోయేది. మిద్దె మీద చాప వేసుకుని మేమిద్దరం పచ్చి మామిడికాయ ఉప్పూకారంతో తినేవాళ్లం. ఆమెకు పై పన్ను ఒకటి వంకర, అందుకని నవ్వు వస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకునేది. అమ్మ తిడితే ఇద్దరినీ కలిపే తిట్టేది. అమ్మ చేతి దెబ్బలు తప్పించుకోవడానికి నేను దాక్కునే చోటు చిన్నమ్మ వీపు వెనకే.

అమ్మకు కామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగించారు, పథ్యం పెట్టారు, చివరికి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, వాళ్లు తిరిగి పంపించేశారు. చూసుకోవడానికి చిన్నమ్మ వచ్చింది. ఒక పొద్దున అమ్మ పోయింది. మధ్యాహ్నానికి తీసుకెళ్లారు. వాకిలి కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు, నాయినమ్మ అమ్మ మొలలోంచి తీసి ఉంచిన తాళంచెవుల గుత్తిని చిన్నమ్మ చేతిలో పెట్టింది. "సరోజనా, ఇల్లు ఆగొద్దు బిడ్డా" అంది. సుగుణకు మూడేళ్లు, ఆ రోజే జ్వరం. చిన్నమ్మ తడి తలతోనే పొయ్యి దగ్గర కూర్చుని పాలు కాచింది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ కూర్చునే చోట ఆ రోజే ఎవరో కూర్చోవడం ఏమిటని. అది చిన్నమ్మే అయినా సరే.

ఆ ఏడు బళ్లు సరిగ్గా నడవలేదు. ప్రత్యేక తెలంగాణ కావాలని కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చిన సంవత్సరం అది. మా పోర్షనులో కిరాయికి ఉండేది మా సోషల్ టీచరే, రాజ్యలక్ష్మి టీచరమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన వాళ్లు. ఆమె భర్త పటాన్‌చెరు దారిలో కొత్తగా వచ్చిన పెద్ద ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తెల్లారకముందే కంపెనీ బస్సు కోసం టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. కోస్తావాళ్లు వెళ్లిపోవాలని ఊరి గోడల మీద రాతలు కనబడుతున్న రోజుల్లో టీచరమ్మ బయటికి రావడం తగ్గించింది. బడి లేకపోయినా పుస్తకం పట్టుకుని రమ్మని నన్ను పిలిచేది. వాళ్ల వంటింట్లోంచి ఇంగువ వాసన వస్తుండగా గడప మీద కూర్చుని నేను పాఠం చదివేదాన్ని. ఆవిడకు కూడా తోడు కావాలని నాకు అప్పుడు తెలియదు.

ఎండాకాలం మొదట్లో, అమ్మ పోయి నెల కాలేదు, ఒక పగలు రేడియోలో పాటలు ఆగిపోయి విషాద సంగీతం మొదలైంది. రాష్ట్రపతి పోయాడన్నారు. హైదరాబాదులో పుట్టిన మనిషి అని బాపు దుకాణం తలుపులు సగం మూసేశాడు. ఆ రోజే ఉపరాష్ట్రపతి ప్రమాణం చేసి ఆ బాధ్యతలు తీసుకున్నాడని తర్వాతి వార్తల్లో చెప్పారు. నేను లేచి టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను. పీనుగ ఇంకా ఇంట్లోనే ఉంది కదా, అప్పుడే ఆయన జాగలో ఇంకొకాయన ఎట్ల కూసుంటడని అడిగాను. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి నన్ను చూసింది. నేను దేని గురించి అడుగుతున్నానో ఆవిడకు తెలిసే ఉంటుంది.

ఆవిడ నిదానంగా చెప్పింది. దేశానికి ఆ చోటు ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకూడదట. సంతకం పెట్టేవాళ్లు లేకపోతే ఏ చట్టమూ నడవదు. అందుకని రాష్ట్రపతి పోయినా, రాజీనామా చేసినా, తీసేసినా, ఉపరాష్ట్రపతి ఆ పని చేస్తాడు. కానీ ఆయన రాష్ట్రపతి అయిపోయినట్టు కాదు. ఆ పని చేస్తున్నాడంతే. ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలి, కొత్తగా ఎన్నికైనవాడు వచ్చేదాకా ఈయన. "చూడమ్మా, అది మర్యాద తక్కువై చేసేది కాదు. వెనక ఉన్నవాళ్లు ఇబ్బంది పడకూడదని" అంది.

మరి ఈయన అటు పోతే ఈయన చోట్లో ఎవరని అడిగాను. ఉపరాష్ట్రపతి రాజ్యసభ నడిపేవాడు, రాష్ట్రపతి పనిలో ఉన్నంతకాలం ఆ కుర్చీలో కూర్చోకూడదు, ఇంకొకరు చూసుకుంటారని చెప్పింది. మరి ఈయన కూడా లేకుండా పోతే? టీచరమ్మ పుస్తకం తిరగేసింది, మళ్లీ తిరగేసింది. "రాజ్యాంగంలో పేరు పెట్టి చెప్పలేదే. అలాంటి అవసరమొస్తే పార్లమెంటు ఏర్పాటు చేసుకోవచ్చని మాత్రం ఉంది" అంది. అంటే, ఇద్దరూ పోతే ఏం చెయ్యాలో పెద్దవాళ్లెవరూ ఆలోచించి పెట్టలేదన్నమాట. నాకు పదమూడేళ్లు. ఆ మాట నన్ను చాలా రోజులు భయపెట్టింది.

ఆ నెలాఖరులో పార్లమెంటు చట్టం చేసిందని టీచరమ్మ పేపరు చూపించింది. ఇద్దరూ లేకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయనా లేకపోతే అక్కడున్న జడ్జీల్లో అందరికంటే పెద్దాయన. నాకు ప్రాణం కుదుటపడింది. అప్పట్లో ఇదంతా నాకు ఢిల్లీ సంగతి కాదు. మా వంటింటి సంగతి.

ఇంతలో వంటింట్లో చిన్నమ్మ మారిపోతూ వచ్చింది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, బాపు దుకాణం తెరిచే వేళకు రొట్టె, పచ్చిపులుసు తయారుచేసేది, నాయినమ్మ కాళ్లకు నూనె రాసేది. మిద్దె ఎక్కడం మానేసింది. ఒక రోజు ఆమె వేసిన జడ సాయంత్రం దాకా ఊడలేదు. తడిమి చూసుకుంటే అమ్మ వేసినట్టే బిగుతుగా ఉంది. నేను నీళ్ల హౌజు వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఎందుకేడ్చానో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. అమ్మ పోతే నాకు అమ్మ ఒక్కతే పోయిందనుకున్నాను. అమ్మ చోటికి జరిగిన చిన్నమ్మ, తన చోటు ఖాళీ చేసి వెళ్లింది. ఆ చోట్లోకి ఎవరూ రాలేదు.

ఆమెను జోగిపేటలో పదకొండో క్లాసు దాకా చదివించారు. అమ్మ పోకముందే, టీచరమ్మ ఆమె చేత టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టించింది. వర్షాలు మొదలైన రోజుల్లో సీటు వచ్చిందని కాగితం వచ్చింది. బాపుకు చూపించడానికి భయపడి, చిన్నమ్మ దాన్ని ముందు నా దగ్గరికి తెచ్చింది. హౌజు గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె కాగితాన్ని మోకాళ్ల మీద పరిచి, వేళ్లతో నిమురుతూ, నా ముఖంలోకి చూడకుండా అడిగింది.

"పద్మా, నేను పోవాల్నా, ఉండాల్నా?"

అదే వారం ఢిల్లీలో ఉపరాష్ట్రపతి రాజీనామా చేశాడు. తనే రాష్ట్రపతిగా ఎన్నికల్లో నిలబడాలని. రెండు చోట్లూ ఖాళీ. టీచరమ్మ పేపరు పట్టుకుని, నువ్వడిగిన రోజు రానే వచ్చిందమ్మా అంది. ప్రధాన న్యాయమూర్తి ఆ కుర్చీలో కూర్చున్నాడు, కోర్టులో ఆయన చోట ఇంకో జడ్జి. నేను మా ఇంట్లో లెక్క వేసుకున్నాను. చిన్నమ్మ కూడా పోతే తర్వాత ఎవరు? నాయినమ్మకు కళ్లు సరిగ్గా కనబడవు. ఆ తర్వాత నేనే. పొయ్యి, సుగుణ, బాపు, దుకాణం.

"ఉండు చిన్నమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆ సీటు సంగతి బాపుకు చెప్పలేదు. టీచరమ్మ అడిగితే, ఇంట్లో కష్టమైతదని తనే వద్దనుకున్నానని చెప్పిందట. టీచరమ్మ కోప్పడింది. ఇంకో రెండు వారాలు మాతో ఉండి, వాళ్లు ఫ్యాక్టరీ క్వార్టర్లకు మారిపోయారు. బాపు పోవద్దని చెప్పాడు. ఈ ఇంటి మీద ఎవరు చెయ్యి వేస్తరో చూస్తనన్నాడు. ఆవిడ నవ్వి, "మీరు మంచివారు బాబుగారూ, కానీ ప్రతిరోజూ కిటికీ మూసుకుని ఉండలేను" అంది. సామాను లారీ ఎక్కుతుంటే చిన్నమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఆవిడను పిలవలేదు, ఏడవలేదు.

ఉండు అన్నప్పుడు నేను అనుకున్నది వేరు. చిన్నమ్మగా ఉండమని. శ్రావణమాసం వచ్చేసరికి తెలిసింది, పెద్దవాళ్లు అనుకున్నది వేరని. జోగిపేట తాత వచ్చి నాయినమ్మతో తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడాడు. మేళం లేకుండా, గుళ్లో, పది మంది ముందర బాపుకు, చిన్నమ్మకు పెళ్లి చేశారు. బాపు తల ఎత్తలేదు. ఆయనకు ముప్పై అయిదేళ్లు, ఆమెకు పందొమ్మిది. ఆమె కట్టుకున్నది అమ్మ పెట్టెలోని పసుపు చీర. ఢిల్లీలో కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఎన్నిక అయింది. మొదట ఆ పని చేసి, రాజీనామా ఇచ్చిన ఉపరాష్ట్రపతే గెలిచి రాష్ట్రపతి అయ్యాడు.

సుగుణ ఆ వారమే ఆమెను అమ్మా అనడం మొదలుపెట్టింది. నన్నూ అనమన్నారు. నాయినమ్మ బుజ్జగించింది, తాత ఇత్తడి బొమ్మ తెస్తానన్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం పెడుతూ చిన్నమ్మే అడిగింది. ఎట్లన్నా పిలువు బిడ్డా, పిలువకుండ ఉండకు అని. అప్పుడు నేను అన్న మాట ఇది. యాభై అయిదేళ్లుగా అది నా చెవుల్లో ఉంది.

"నువ్వు గెలిచి రాలె. నిన్ను నేను ఎన్నుకోలె."

నన్ను కూర్చోబెట్టి, ఉండాలా పోవాలా అని అడిగిన మనిషితో అన్నాను ఆ మాట. ఉండమన్నది నువ్వే కదా అని ఆమె అనవచ్చు. అనలేదు. కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "మంచిగ తిను" అంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమెను దేనితోనూ పిలవకుండా బతికాను. అమ్మా అనలేదు, చిన్నమ్మా అని కూడా అనలేదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వెళ్లి నిలబడేదాన్ని. ఆమె తల ఎత్తి చూసి, ఏం కావాలో ఊహించి ఇచ్చేది. బయటివాళ్లతో "ఆమె" అనేదాన్ని. ఒక పిల్ల అంత పట్టుదలగా అన్నేళ్లు ఒక మనిషిని శిక్షించగలదని ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. ఆమెకు పిల్లలు కలగలేదు. నాయినమ్మ అందుకు సాధించేది. మా ఇద్దరి చదువుల కోసం బాపుతో ఆమే పోట్లాడేది. నన్ను పట్నం హాస్టల్లో వేయించడానికి ఆమె రెండు రోజులు అన్నం తినలేదని సుగుణ చెబితే, నన్ను వదిలించుకోవాలని చూస్తున్నదనుకున్నాను.

నేను పట్నంలో చదువుతుండగా ఒక ఫిబ్రవరిలో ఇంటికి వచ్చాను. అప్పటికి పటాన్‌చెరు దారి పొడుగునా పొగ గొట్టాలు లేచాయి. బస్సులో బిహారు, ఒరిస్సా కూలీలు ట్రంకు పెట్టెల మీద కూర్చుని వచ్చేవారు. ఆ రోజు రేడియోలో మళ్లీ అదే విషాద సంగీతం. ఇంకో రాష్ట్రపతి పదవిలో ఉండగానే పోయాడు. చిన్నమ్మ పొయ్యి ముందర కూర్చుని నువ్వులు వేయిస్తోంది. ఇప్పుడు ఎవరు కూసుంటరని నన్ను అడిగింది. ఉపరాష్ట్రపతి అన్నాను. ఈ రోజేనా అంది. ఈ రోజే అన్నాను. "పాపం" అంది. పోయినాయన గురించి అనుకున్నాను. కాదంది. కూసునేటాయన గురించి అంది. గరిటె తిప్పడం ఆపకుండానే, నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆయనకు దుఃఖముండదా? ఒక్క దినమన్న ఏడ్వనియ్యరు. అక్క పోయిన్నాడు నేను ఏడ్వలె పద్మా. సుగుణకు జరం, పాలు కాగవెట్టాలె. ఇగ ఏడుద్దామనుకునేటాళ్లకు పెండ్లి జేసిన్రు. అక్క చీర కట్టుకోని, అక్క జాగల కూసోని, అక్క కోసం ఎట్ల ఏడ్వాలె? నీకు అమ్మ వోయిందని అందరు జూసిన్రు. నాకు అక్క వోయిందని ఎవ్వరన్న అన్నరా?"

మూకుడులో నువ్వులు చిటపటలాడుతున్నాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రెండడుగులు వేస్తే ఆమె భుజం అందుతుంది. ఒక్క మాట పిలిస్తే చాలు. ఏ మాటైనా సరే. "బస్సుకు టైమైతుంది" అన్నాను. సంచి తీసుకుని బయల్దేరాను. ఆమె నువ్వుల్లో బెల్లం కలిపి పొట్లం కట్టి సుగుణ చేత బస్టాండుకు పంపించింది. పటాన్‌చెరు దాటేదాకా అది ఒళ్లో వెచ్చగానే ఉంది. ఇరవై ఏళ్ల మనిషిని, చదువుకున్నదాన్ని. వెనక్కి వెళ్లే బస్సు ఎక్కలేదు.

తర్వాత నేను లెక్చరర్నయ్యాను. ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. ఉపరాష్ట్రపతి రాష్ట్రపతి పని చేస్తున్నంతకాలం ఆయనకు రాష్ట్రపతికి ఉండే అధికారాలన్నీ ఉంటాయి, ఆ జీతం ఉంటుంది, ఆ గౌరవమంతా ఉంటుంది. ఆ పంక్తి దగ్గర నేను ప్రతిసారీ కాస్త ఆగేదాన్ని. నోట్సు రాసుకోవడానికి ఆగానని పిల్లలనుకునేవారు. తాత్కాలికంగా కూర్చున్నవాడికి కూడా ఏదీ తక్కువ చేయవద్దని రాజ్యాంగం రాసినవాళ్లకు తోచింది. మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. పనంతా ఆమెకిచ్చాం. మిగతావేవీ ఇవ్వలేదు. బాపు పోయాక నేను మెత్తబడ్డాను. చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టాను, పండుగలకు చీరలు పెట్టాను, మోకాళ్లకు డాక్టరు దగ్గరికి తిప్పాను. ఆమె అన్నీ సంతోషంగానే తీసుకుంది. కానీ ఆ ఫిబ్రవరి మాటలకు నేను జవాబు చెప్పనే లేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఇప్పుడు ఎవరింట్లోనైనా చావు జరిగితే, ముందు పొయ్యి దగ్గర ఎవరున్నారో వెళ్లి చూస్తాను. వాళ్లను లేపి, నువ్వు కాసేపు వెళ్లి ఏడ్చుకో అంటాను. కొందరు విచిత్రంగా చూస్తారు.

చివరి రెండేళ్లు ఆమెకు మతి సరిగ్గా లేదు. పటాన్‌చెరు ఆసుపత్రిలో ఆఖరి వారం నేను పగలంతా దగ్గర కూర్చునేదాన్ని. సుగుణ అన్నం వండి తెచ్చేది. ఒక మధ్యాహ్నం ఆమె నిద్ర లేచి నన్ను చాలాసేపు చూసింది. నా ముఖంలో అమ్మ పోలికలు ఎక్కువని అందరూ అంటారు. అమ్మ ముప్పై ఒక్కటికే పోయింది కాబట్టి ముసలితనంలో ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆమె చేయి చాచి నా చెంప తడిమింది.

"అక్కా" అంది. "ఇన్ని దినాలు యాడికి వోయినవే? పిల్లల్ని నా మీద పారేసి వోతివి. నాకు శాతగాలె. పెద్దది నాతోని మాట్లాడది."

నేను పద్మను అని చెప్పాలా, ఊరుకోవాలా తెలియలేదు. చివరికి, "ఈడనే ఉన్న చెల్లే" అన్నాను. "పిల్లల్ని మంచిగ సాదినవ్. నేనుంటే గూడ గంత మంచిగ సాదకపోదును. పెద్దది మూర్ఖురాలు. దానికి తెల్వలె."

ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ముడుచుకుపోయింది. నా చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మెల్లగా కాదు, వార్డంతా తిరిగి చూసేలా. నర్సు వచ్చి ఏమైందమ్మా అంది. ఏం కాలేదన్నాను. వాళ్లక్క చనిపోయింది, ఏడవనివ్వమన్నాను. నర్సు తెర లాగి వెళ్లిపోయింది. చిన్నమ్మ ఆ మధ్యాహ్నమంతా ఏడ్చింది. నేను ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని, ఆపమనకుండా కూర్చున్నాను.